గదులు లెక్కపెట్టి కూడు కొయ్యవద్దు

(బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం కార్మిక సభల్లో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



 రేపు పొద్దున మొదటి షిఫ్టుకు పోవలసినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. అందుకని ఎక్కువసేపు తీసుకోము. ఈ రోజు బోనసు మాట, కూలి మాట పక్కన పెట్టి మన ఇంటి గదుల మాట చెప్పుకుందాం.

గదుల గురించి యూనియన్ ఎందుకు మాట్లాడాలని కొందరు అడగవచ్చు. కారణం ఉంది. యూనియన్ ఆఫీసుకు కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళలో ఇప్పుడు మిల్లు తగాదా ఉన్నవాళ్ళే కాదు, రేషను కార్డు పోయినవాళ్ళు, ఇళ్ళ జాబితాలో పేరు ఎక్కనివాళ్ళు కూడా ఉంటున్నారు. ఏం కారణం చెప్పారమ్మా అని అడిగితే, "మీది పెద్ద ఇల్లు అన్నారు", "గదులు ఎక్కువ ఉన్నాయన్నారు" అంటున్నారు. కూలి పెరగలేదు, అప్పు తీరలేదు, గది ఒకటి లేచింది, అంతే. ఆ గదే ఇప్పుడు మన నోటి దగ్గరి కూడుకు అడ్డం వస్తున్నది.

ఈ లెక్క ఎక్కడ నుంచి వచ్చిందో ముందు తెలుసుకుందాం. 2011లో కేంద్ర ప్రభుత్వం సామాజిక, ఆర్థిక, కుల గణన చేసింది. పక్కా గోడలు, పక్కా కప్పు ఉండి మూడు లేక అంతకన్నా ఎక్కువ గదులున్న పల్లె కుటుంబాన్ని పేదల లెక్కలోంచి నేరుగా తీసెయ్యాలని అందులో ఒక నిబంధన పెట్టారు. 2016లో ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన వచ్చింది. మైదాన ప్రాంతంలో ఇంటికి 1,20,000 రూపాయల సాయం అన్నారు. అక్కడ జల్లెడ ఇంకా సన్నం. ఇంట్లో రెండు గదులు దాటితే మొదటి మెట్టులోనే పక్కన పెడతారు. ఆ రోజు మోటారు సైకిలు ఉన్నా, ఫ్రిజ్ ఉన్నా, ఇంట్లో ఒకరికి నెలకు పదివేలు దాటి వచ్చినా పేరు పోయేది. 2024లో బండినీ ఫ్రిజ్‌నూ ఆ జాబితాలోంచి తీసేశారు, ఆదాయ హద్దు పదిహేనువేలకు పెంచారు. మంచిదే. కొట్లాడితే నిబంధన కదులుతుందని దీనివల్ల తెలుస్తున్నది. గదుల లెక్క కూడా మనుషులు రాసిందే గదా, అది మాత్రం ఎందుకు కదలదు?

మన కర్ణాటకలో బీపీఎల్ కార్డుకు వేరే కొలత పెట్టారు. ఏడాదికి లక్షా ఇరవైవేల ఆదాయం దాటకూడదు, పట్టణంలో అయితే వెయ్యి చదరపు అడుగులకు మించిన పక్కా ఇల్లు ఉండకూడదు అని. లక్షా ఇరవైవేలంటే నెలకు పదివేలు. రోజుకు ఎనిమిది గంటలు మిషను ముందు నిలబడినవాడు పదివేల మీద ఒక్క రూపాయి తెచ్చుకుంటే పేదవాడు కాదట! ఇక వెయ్యి అడుగుల సంగతి చూడండి. మన తల్లిదండ్రులు కడుపు కట్టుకుని కొన్న 30-40 సైటు అంటే 1200 చదరపు అడుగులు. దాని మీద నాయన రెండు గదులు వేశాడు. పెద్దకొడుకు పెళ్ళికి ఒకటి వేశాడు, చిన్నకొడుకు పెళ్ళికి ఇంకొకటి. ఈ రోజు అక్కడ పొయ్యిలు మూడు, కాపురాలు మూడు. కొలిచేవాళ్ళు టేపు పట్టుకుని వస్తే మాత్రం ఇల్లు ఒకటే!

2024 నవంబరులో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. అర్హత లేదంటూ రాష్ట్రంలో బీపీఎల్ కార్డులు పెద్దయెత్తున రద్దు చేశారు. డిపో ముందు సంచి పట్టుకుని నిలబడిన తరువాత కార్డు లేదన్న సంగతి తెలిసినవాళ్ళున్నారు. గగ్గోలు లేచింది. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళవీ, ప్రభుత్వ ఉద్యోగులవీ తప్ప మిగతా కార్డులు తిరిగి ఇస్తామని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రకటించవలసి వచ్చింది. ముందు కొయ్యడం, తరువాత విచారించడం ఎంత తప్పో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం వేరే అక్కరలేదు.

ఇది మన దేశంలోనే ఉన్న జబ్బు కాదు. పాత మిల్లుల్లో పనిచేసిన మాకు యంత్రాల మీద పోతపోసిన అక్షరాల్లో ఓల్డ్‌హామ్ అనే ఊరి పేరు చదివిన గుర్తుంది. ఇంగ్లండులో మిల్లు యంత్రాలు చేసిన ఊరు అది. ఆ దేశంలో పేదలకూ కార్మికులకూ పురపాలక సంఘాలు, గృహ సంఘాలు తక్కువ అద్దెకు ఇళ్ళు ఇస్తాయి. ఆదాయం చాలనివాళ్ళకు ప్రభుత్వం అద్దె సాయం చేస్తుంది. 2013 ఏప్రిల్ 1 నుంచి దానిలో కోత పెట్టారు. అవసరానికి మించి పడకగది ఒకటి ఉంటే సాయం లెక్కకు తీసుకునే అద్దెలో నూటికి 14 వంతులు, రెండు లేక అంతకన్నా ఎక్కువ ఉంటే నూటికి 25 వంతులు కోత. పదహారేళ్ళలోపు అన్నదమ్ములిద్దరూ ఒక గదిలో పడుకోవాలి, అక్కచెల్లెళ్ళిద్దరూ అంతే. పదేళ్ళలోపు పిల్లలైతే ఆడపిల్ల, మగపిల్లవాడు కూడా ఒకే గదిలో. అంతకన్నా గది మిగిలితే అది "ఖాళీ గది". ప్రభుత్వం దీనికి ఏదో గౌరవమైన పేరు పెట్టుకుంది. జనం మాత్రం "పడకగది పన్ను" అన్నారు.

దాదాపు 6,60,000 కుటుంబాలకు ఈ దెబ్బ తగులుతుందని ఆ ప్రభుత్వమే లెక్క వేసింది. వాటిలో సుమారు మూడింట రెండు వంతుల ఇళ్ళల్లో వికలాంగులున్నారు. చిన్న ఇంటికి మారిపోండి అన్నారు. మారడానికి చిన్న ఇళ్ళు చాలినన్ని లేవు. భార్యకు జబ్బు, ఒకే మంచం మీద భర్తతో పడుకునే వీలు లేదు, అయినా రెండో గది ఖాళీ గదే అన్నారు. జబ్బు మనవడిని రాత్రంతా కనిపెట్టుకోవడానికి మనిషి వచ్చి పడుకునే గది కూడా ఖాళీ గదే అన్నారు. ఐక్యరాజ్య సమితి తరఫున గృహ హక్కులు చూసే బ్రెజిల్ దేశపు రాకెల్ రోల్నిక్ 2013లో అక్కడికి పోయి చూసి, ఈ కోత ఆపమన్నారు. పైన చెప్పిన రెండు కుటుంబాలూ కోర్టుకెక్కి 2016లో సుప్రీంకోర్టులో గెలిచాయి. స్కాట్లండులో జనం ఒత్తిడికి అక్కడి ప్రభుత్వం 2014 నుంచి కోత పడిన డబ్బును తన ఖజానాలోంచి పూడుస్తూ వచ్చింది. ఇంగ్లండులో మాత్రం ఆ కోత ఇంకా పోలేదు.

అక్కడి సాయం వేరు, ఇక్కడి సాయం వేరు. మనలో చాలామందికి అద్దె సాయం అన్న మాటే తెలియదు. కానీ లోపలి తర్కం ఒకటే. మనిషిని చూడరు, గోడలు లెక్కపెడతారు. ఆ గదిలో ఏముందో అడగరు.

ఏముందో మనం చెబుదాం. మేము పుట్టింది మిల్లు లైను ఇంట్లో. ఒకటే గది, ముందర ఇంత పంచ. నాయనది రాత్రి షిఫ్టు. పొద్దున ఏడుకు వచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాకా మేమంతా చింతచెట్టు కింద. గిన్నె చప్పుడైతే అమ్మ ఉలిక్కిపడేది. నిద్ర చాలక రింగు ఫ్రేము దగ్గర తూలి చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళను ఆ లైనులోనే చూశాము. మూడు షిఫ్టులు నడిచే చోట పగలు పడుకోవడానికి చీకటి గది ఒకటి ఉండడం సుఖం కాదు, అది పనిముట్టు. బ్లో రూములో, కార్డింగులో ముప్పై ఏళ్ళు దూది దుమ్ము మింగిన ముసలాయన రాత్రంతా దగ్గుతూ ఉంటే, పొద్దున షిఫ్టుకు పోయే కొడుకు ఏ గదిలో పడుకోవాలి? శిడ్లఘట్ట, చింతామణి వైపు ఇళ్ళల్లో ఒక గది పట్టుపురుగులకే. చంద్రికలు పెట్టిన గదిలో మనిషి కాలు చాపుకునే చోటుండదు. ఇంకొక ఇంట్లో కుట్టు మిషను, మరొక ఇంట్లో రీలింగు రాట్నం. ఇవన్నీ లెక్కలో "గదులు"! ఇంటిగలవాళ్ళు మాత్రం వంట గదిలో పడుకుంటారు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మన మూడో గది పీఎఫ్ అడ్వాన్సుతో, చీటీ డబ్బుతో, మెడలోని గొలుసు తాకట్టుతో లేచింది. ఆ గది మన ఆదాయానికి గుర్తు అని వాళ్ళంటారు. అది మన అప్పుకు గుర్తు అని మనమంటాము.

ఇక్కడ ఒక మాటకు జవాబు చెప్పాలి. కార్లున్నవాళ్ళు, మేడలున్నవాళ్ళు కూడా బీపీఎల్ బియ్యం తీసుకుంటున్నారు గదా, ఏరివెయ్యవద్దా అని అడుగుతారు. ఏరివెయ్యాలి. దొంగ కార్డును యూనియన్ సమర్థించదు. అయితే ఏరే ముందు ఇంటికి రావాలి, ఎంతమంది ఉన్నారు, ఎన్ని కాపురాలు, ఎవరికి జబ్బు, కూలి ఎంత అని చూడాలి, నోటీసు ఇవ్వాలి, చెప్పుకోనివ్వాలి. బియ్యంలో రాళ్ళు ఏరమంటే బియ్యం పారబొయ్యమని కాదు.

కాబట్టి మనం చెయ్యవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

ఒకటి. సర్వేకు వచ్చినవాళ్ళ దగ్గర గది దాచవద్దు, అబద్ధం ఆడవద్దు. అబద్ధం రేపు మన మెడకే చుట్టుకుంటుంది. గదితోపాటు ఆ గదిలో ఎవరున్నారో, ఏముందో కూడా రాయించండి. మహజరు రాస్తే చదివించుకుని సంతకం పెట్టండి, నకలు అడగండి.

రెండు. ఒకే కప్పు కింద వేరే పొయ్యి పెట్టుకున్న కాపురాలు వేరు కుటుంబాలుగా నమోదు చెయ్యమని తహసీల్దారుకు రాతమూలకంగా అర్జీ ఇవ్వండి. నోటిమాటకు విలువ లేదు. అర్జీకి ముట్టినట్టు ముద్ర వేయించుకోండి.

మూడు. కార్డు పోతే డిపో ముందు గొడవ పడి లాభం లేదు, డీలరు చేతిలో ఏమీ లేదు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం జిల్లాలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, ఆయన మీద రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది. ఎందుకు తీసేశారో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

నాలుగు. పల్లెల్లో ఉన్నవాళ్ళు గ్రామసభకు తప్పకుండా పోండి. ఇళ్ళ జాబితా అక్కడ చదివేటప్పుడు మనం నేత పని మీదో, మిల్లు పని మీదో ఉంటాము. మన పేరు కొట్టేసినా అడిగే దిక్కుండదు. ఇంటికొకరు పోవాలి. ఆ రోజు కూలి పోయినా సరే.

రాయడం చేతకానివాళ్ళు మొహమాటపడవద్దు. ఆదివారం పొద్దున యూనియన్ ఆఫీసుకు రండి, అర్జీ మేము రాసిపెడతాము. ఒక్కరు పోతే "రేపు రా" అంటారు. ఇరవైమంది కలిసి పోతే కుర్చీ వేస్తారు. ఇది మేము మిల్లు గేటు దగ్గర నేర్చుకున్న పాఠం.

ప్రభుత్వాన్ని మనం అడిగేది ఎక్కువేమీ కాదు. గదులతోపాటు మనుషులను లెక్కపెట్టండి. పని చేసుకునే గదినీ, జబ్బు మనిషి గదినీ, రాత్రి షిఫ్టువాడు పగలు పడుకునే గదినీ లెక్కలోంచి తియ్యండి. విచారణ కాకుండా కార్డు కొయ్యవద్దు. నెలకు పదివేలు దాటితే పేదవాడు కాడన్న హద్దును ఈనాటి ధరలకు తగినట్టు పెంచండి.

పొద్దున పోయి గోడ పడగొట్టుకుంటే కార్డు వస్తుందా అని ఈ మధ్య ఒక చెల్లెలు మమ్మల్ని అడిగింది. నవ్వుతూనే అడిగింది గానీ మాకు నవ్వు రాలేదు. అమ్మా, గోడ పడగొట్టవద్దు. అది నీ కష్టం. మార్చవలసింది నిబంధన. దాన్ని మార్చే దాకా మనం ఒక్కరొక్కరుగా కాకుండా అందరం కలిసి నడుద్దాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!