రొయ్యల చెరువు వేద్దామనుకుంటున్నారా? పక్క చెరువాయన నీళ్లు ఎప్పుడు వదిలాడో కనుక్కోండి

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకుంటూ 2 ఎకరాల రొయ్యల చెరువు కౌలుకి తీసుకుందామనుకుంటున్నా, ఎంత మిగులుతుంది?" అని. లెక్క చెప్తాను. కానీ ఆ కామెంట్ చదవగానే నాకు మా మావయ్య చెరువు గుర్తొచ్చింది, అందుకే ఈరోజు సగం వీడియో ఆయన గురించే.

ముందు లెక్క. ఎకరానికి లక్ష చొప్పున 2 లక్షల వెన్నామి పిల్ల వదిలారనుకోండి. నాలుగింట మూడొంతులు బతికితే లక్షన్నర. 60 కౌంట్‌కి వస్తే, అంటే కిలోకి 60 తూగితే, 2,500 కిలోలు. కిలో రొయ్య తయారవ్వాలంటే కిలోంపావు నుంచి కిలోన్నర దాకా మేత కావాలి. అంటే 3,500 కిలోలు అటూ ఇటూ. ఖర్చులో సగం వరకూ ఈ మేతదే. దాని మీద పిల్ల, కరెంటు, డీజిల్, మందులు, కౌలు. ఇప్పుడు అదే చెరువు 100 కౌంట్ దగ్గర ఆగిపోయిందనుకోండి. 1,500 కిలోలే వస్తాయి, పైగా చిన్న కౌంట్‌కి కిలో రేటు కూడా తక్కువ. ఈహెచ్‌పీ అనే జబ్బు వస్తే జరిగేది ఇదే. రొయ్య చావదు, పెరగదు. మేత బిల్లు మాత్రం పెరుగుతుంది.

నేనూ ఈ లెక్కంతా ఎక్సెల్ షీట్‌లో నీట్‌గా వేసి మా మావయ్యకి చూపించాను. అప్పుడు హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా, కొంచెం పొగరు కూడా ఉండేది. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చూసి, "బానే ఉందిరా అల్లుడూ, ఇందులో పక్కోడి చెరువు ఎక్కడుంది?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మూడేళ్ల కిందట అర్థమైంది.

మావయ్యది నరసాపురం వైపు, 2 ఎకరాల చెరువు. ఆ మురుగు కోడు మీద మొత్తం 11 మంది రైతులు. అందరూ ఆ కోడులోంచే నీళ్లు తోడుకుంటారు, పట్టుబడి అయ్యాక మళ్లీ ఆ కోడులోకే వదులుతారు. ఆ పంట 62వ రోజు, నేను సెలవుకి వెళ్లి ఉన్నాను. తెల్లవారుజామున 4 గంటలకి ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా అని చూడ్డానికి గట్టు మీదకి వెళ్లాం. ఆ టైమే డేంజర్. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ తీసుకుంటుంది, అందుకని తెల్లారే ముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. కరెంటు పోయి జనరేటర్ స్టార్ట్ కాకపోతే గంటల్లో చెరువు పోతుంది. ఏరియేటర్లు బాగానే తిరుగుతున్నాయి. కానీ రొయ్య గట్టు వారకి వచ్చేసింది. చెక్ ట్రే పైకి లాగితే రాత్రి వేసిన మేత వేసినట్టే ఉంది. మావయ్య ఒక రొయ్యని పట్టి, తల మీద పెంకు ఒలిచి ఫోన్ లైట్‌కి పెట్టాడు. తెల్ల చుక్కలు. ఏం మాట్లాడలేదు. గట్టు మీద కూర్చుండిపోయాడు.

తర్వాత తెలిసింది. పైచెరువాయనకి వారం కిందటే వైట్ స్పాట్ వచ్చింది. రాత్రికి రాత్రి రొయ్య పట్టేసి, నీళ్లు కోడులోకి వదిలేశాడు. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మావయ్య మోటార్ వేసి ఆ నీళ్లే తోడుకున్నాడు.

నాకు కోపం వచ్చేసింది. ఆయన ఇంటికి వెళ్లి అడుగుదాం పద అన్నాను. మావయ్య రాలేదు. చాలాసేపటికి, "రెండేళ్ల కిందట నేనూ అదే చేశాన్రా" అన్నాడు.

ఎందుకు చెప్పలేదని అడిగితే ఆయన చెప్పిన కారణం నేను ఏ కాలేజీలోనూ వినలేదు. మేత, మందులు కొట్టు నుంచి అప్పు మీద వస్తాయి. సరుకు అమ్మేటప్పుడు ఆ కొట్టాయనే మధ్యలో ఉంటాడు. చెరువులో జబ్బని ఊళ్లో తెలిస్తే ఆ పూటకి మేత ఆగిపోతుంది, అప్పు కట్టమని మనిషి వస్తాడు, సరుకు కొనేవాడు రేటు కోస్తాడు. అందుకే నోరు మూసుకుని, చీకట్లో పట్టి, చీకట్లో నీళ్లు వదులుతారు. చెడ్డవాళ్లై కాదండి. మా ఆఫీసులో సర్వర్ పడిపోతే, తప్పు ఎవరిదైనా, మొదటి నిమిషంలో గ్రూప్‌లో మెసేజ్ పెట్టేవాళ్లం. చెప్పినవాడి జీతం ఎవరూ కొయ్యరు కాబట్టి పెట్టేవాళ్లం. ఇక్కడ చెప్పినవాడికే నష్టం.

ఇది కొత్త గొడవేం కాదు. 90ల్లో మన కోస్తాలో అందరూ టైగర్ రొయ్య వేశారు. 1994-95 నుంచి వైట్ స్పాట్ వచ్చి ఊళ్లకి ఊళ్లు అప్పుల్లో పడ్డాయి. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువుల మీద పెద్ద తీర్పే ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వెన్నామికి అనుమతి వచ్చాక మళ్లీ ఊపందుకుంది. ఇప్పుడు దేశంలో రొయ్యల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రదే. వెన్నామి తల్లి రొయ్యలు జబ్బుల్లేనివి అని టెస్ట్ చేసి తెస్తారు. చాలామంది దాన్ని "జబ్బు రాని రొయ్య" అనుకుంటారు. కాదు. పుట్టినప్పుడు జబ్బు లేదు, అంతే. మీ కోడు నీళ్లు తగిలాక మీ అదృష్టం.

మరి దీనికి దారి లేదా అంటే, ఉంది. అదీ మన పక్కనే, మొగల్తూరులో. మొగల్తూరు అనగానే మీకు కృష్ణంరాజు గారు, చిరంజీవి గారు గుర్తొస్తారు, నాకూ అంతే. కానీ ఆక్వా మీద చదివేవాళ్లకి ఆ ఊరు వేరే విషయానికి తెలుసు. 2000లో ఎంపెడా, అంటే మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ, బ్యాంకాక్‌లో ఉన్న నాకా అనే సంస్థతో కలిసి రొయ్యల జబ్బుల మీద పని మొదలుపెట్టింది. ముందు నెల్లూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 365 చెరువుల్ని పరిశీలించారు. ఆ తర్వాత మొగల్తూరులో 58 మంది చిన్న రైతుల్ని, 108 చెరువుల్ని ఒక గ్రూపుగా చేశారు. ఆక్వా క్లబ్ అన్నారు. వాళ్లు చేసింది వింటే ఇంతేనా అనిపిస్తుంది. అందరూ దగ్గర దగ్గర రోజుల్లోనే పిల్ల వదిలారు. పిల్లని టెస్ట్ చేయించి కలిసి కొన్నారు. ఎవరి చెరువులో జబ్బొచ్చినా మిగతావాళ్లకి చెప్పాలి, ఆ నీళ్లు అలాగే కాలువలోకి వదలకూడదు. ఫలితం బాగుండటంతో వేరే కాలువల మీదకి, వేరే రాష్ట్రాలకి తీసుకెళ్లారు. అందులోంచే 2007లో నాక్సా అనే సంస్థ పుట్టింది, ఇప్పటికీ చిన్న రైతుల సొసైటీలతో పనిచేస్తోంది.

కొత్త మందు లేదు, కొత్త మిషన్ లేదు చూడండి. జబ్బు నీళ్లకి బ్లీచింగ్ వేసి, వారం రోజులు తూము మూసి నిలబెట్టడం. దానికయ్యే బ్లీచింగ్ ఖర్చు, పక్కాయన పోగొట్టుకునే దాని ముందు ఏపాటిది.

పక్కాయన అంటే రొయ్యల రైతే అనుకోకండి. గట్టుకి అవతల వరి చేనుంటుంది. ఉప్పు నీళ్లు ఊరి చేను దెబ్బతింటే, తాగునీటి చెరువు ఉప్పెక్కితే, వాళ్లకి మీ కౌంట్‌తో పనేముంది. ఈ విషయం మీద విడిగా ఒక వీడియో చెయ్యాలి, చాలామంది తిడతారు, అయినా చేస్తాను.

రేటు సంగతి కూడా ఒక మాట. మన రొయ్యకి పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టులో వాళ్లు మన సరుకు మీద 50 శాతం సుంకం వేశారు. ఆ దెబ్బ మన చెరువు గట్టు దాకా వచ్చింది. దాన్ని మీరూ నేనూ ఆపలేం. కోడులోకి ఏం వదులుతున్నామో అది మాత్రం ఆ 11 మంది చేతుల్లోనే ఉంది.

ఆ పంట పోయాక మావయ్యే ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టాడు. మొదటి ఏడాది అందులో గుడ్ మార్నింగ్‌లు, వినాయకుడి ఫొటోలు తప్ప ఏమీ రాలేదు. పోయిన నెల రాత్రి 11కి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆ రోజు పైచెరువు నుంచి నీళ్లు వదిలినాయనే. "నా చెరువులో చుక్కలు కనపడుతున్నాయండి. తూము తియ్యట్లేదు, బ్లీచింగ్ ఏస్తున్నాను. మీరెవరూ కోడులో మోటార్లు ఎయ్యకండి." ఏడుగురు దండం పెట్టారు. ఒకాయన మాత్రం, "కొట్టాయనకి తెలిసిందా?" అని అడిగాడు. దానికి మావయ్య రిప్లై: "తెలిస్తే తెలవనీ. పొద్దున్న అందరం కలిసి ఎల్దాం."

వెళ్లారు. 9 మంది వెళ్లారు. ఆయన పంట డబ్బులు మొత్తం రాలేదు, అప్పుకి గడువు మాత్రం వచ్చింది. కింద ఉన్న 10 చెరువుల్లో ఈ వీడియో తీసే రోజుకి మేత ట్రేలు ఖాళీగానే వస్తున్నాయి.

తమ్ముడూ, నువ్వు కౌలు కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆ కాలువ గట్టున ఒకసారి పై నుంచి కింద దాకా నడిచి రా. ఎంతమంది ఉన్నారో, ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకుంటున్నారో లేదో చూసి కామెంట్‌లో రాయి. లాభం లెక్క అప్పుడు మళ్లీ వేద్దాం.