పోయిన నమ్మకమును మరల పొందుట
(పాఠశాల వార్షికోత్సవ సభలో తలిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



వ్యాపార సంస్థలు కొనుగోలుదారుల నమ్మకము నెట్లు పోగొట్టుకొనును, పోయినదానిని మరల నెట్లు సంపాదింప జూచును అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరిరి. పాఠశాల సభలో వ్యాపారపు ప్రసక్తి యెందులకని కొందరికి తోచవచ్చును. 2001 ఫిబ్రవరి 28వ తేదీన మన బంగారు గనులు మూతపడిన పిమ్మట, ఈ ఊరి బిడ్డలు జీవనోపాధికై బయటి కంపెనీలను ఆశ్రయింపవలసి వచ్చినది. తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కువారు రాబర్ట్‌సన్‌పేటలో వీధివీధినా కలరు. కావున కంపెనీల మంచిచెడ్డలు మనకు పరాయి సంగతులు కావు.

ఉదాహరణకై దూరము పోనక్కరలేదు. మన కోలారు జిల్లాలోని నరసాపురమున విస్ట్రాన్ అను తైవాను సంస్థ ఐఫోనులను తయారు చేయుచుండెను. వానిని చేయించుకొనునది అమెరికాలోని ఆపిల్ కంపెనీ. అనగా విస్ట్రానునకు ఆపిలే కొనుగోలుదారు. 2020 డిసెంబరు 12వ తేదీ ఉదయమున, రాత్రి షిఫ్టు ముగియు వేళ, జీతములు సరిగా అందలేదను కోపముతో కార్మికులు ఫ్యాక్టరీ అద్దములను, సామగ్రిని ధ్వంసము చేసిరి. నూరుమందికి పైగా అరెస్టు చేయబడిరి. ఆ విధ్వంసమును మెచ్చుకొనువారెవరును లేరు. కాని అంతవరకు ఏల వచ్చినదని విచారించుట అవసరము.

ప్రభుత్వాధికారుల విచారణలో తేలినదేమనగా, అక్కడి పనివారి సంఖ్య కొలదికాలములోనే 5,000 నుండి 10,500కు పెరిగినది. వారి మంచిచెడ్డలను చూడవలసిన విభాగము మాత్రము తగినట్లు పెరుగలేదు. హాజరును నమోదు చేయు యంత్రము చెడిపోగా, దానిని వెంటనే బాగుచేయించలేదు. అక్టోబరు, నవంబరు నెలలలో కొందరికి జీతములు ఆలస్యమైనవని ఆపిల్ కంపెనీయు కనుగొనెను. లోపములు దిద్దుకొనువరకు క్రొత్త పని యిచ్చునది లేదని డిసెంబరు 19వ తేదీన ప్రకటించెను. ఆపిల్ పేర్కొన్న తప్పు ఫోనులలోనిది కాదు, పనిగంటల లెక్కలోనిది. ఇంటిలోని లెక్క తప్పినందున బయటి బేరము పోయినది.

అప్పుడు విస్ట్రాన్ చేసినదేమి? కార్మికులను క్షమాపణ కోరెను. భారతదేశపు వ్యవహారములు చూచుచుండిన ఉపాధ్యక్షుని ఆ పదవినుండి తొలగించెను. ఉద్యోగములిచ్చు పద్ధతిని, జీతముల లెక్కను మార్చెను. కార్మికులు పేరు చెప్పకయే తమ కష్టము చెప్పుకొనుటకు ఇరువదినాలుగు గంటల ఫోను ఏర్పాటు చేసెను. ఆ ఫోనులో ఫిర్యాదు ఏయే భాషలలో వినబడునని ప్రకటించిరో తెలియునా? కన్నడము, తెలుగు, తమిళము, హిందీ, ఇంగ్లీషు. 2021 ఫిబ్రవరిలో పని మరల ఆరంభమయ్యెను. తరువాత 2023లో ఆ ఫ్యాక్టరీ టాటావారి చేతికి వచ్చినది.

మన తెలుగునాట పుట్టిన మరియొక సంస్థ కథయు ఇట్టిదే. 1987లో హైదరాబాదున స్థాపింపబడిన సత్యం కంప్యూటర్స్ అనేక విదేశ సంస్థలకు నమ్మిన బంటు. లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనివేయని, 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షుడు రామలింగరాజు స్వయముగా వ్రాసి యొప్పుకొనెను. పేరు సత్యము, లెక్క అసత్యము! కొలది దినములలోనే కేంద్రప్రభుత్వము పాత డైరెక్టర్లను తొలగించి, దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, అచ్యుతన్ అను పెద్దలను నియమించెను. వారు క్రొత్త ఆడిటర్లచే లెక్కలు చూపించిరి. బ్యాంకులనుండి అప్పు తెచ్చి పనివారి జీతములు ఆగకుండ చూచిరి. కొందరు ఖాతాదారులు విడిచిపోయినను, అనేకులు నిలిచిరి. ఆ ఏప్రిల్ నెలలోనే టెక్ మహీంద్రా దానిని గెలుచుకొనెను. 2013లో విలీనముతో ‘సత్యం’ అను పేరే మాసిపోయినది. పని నిలిచినది, పనివారు చాలవరకు నిలిచిరి, కాని వంచించిన పేరు నిలువలేదు.

ఈ రెండు కథలను కలిపి చూచిన, నమ్మకము మొదట లెక్కపుస్తకములో పోవుననియు, బజారులో పోయినట్లు తెలియుట తరువాతి సంగతియనియు బోధపడును. మరల పొందుటకు కూడ అక్కడనే మొదలిడవలెను. పత్రికా ప్రకటనలు దానికి చాలవు. లెక్కను పరుల కన్నులకు చూపవలెను. బాధ్యుడైనవాడు పదవి విడువవలెను. అన్నిటికంటె ముందు, క్రింది మెట్టున నున్నవాడు తన మాటలో తన కష్టము చెప్పుకొను వీలుండవలెను. తెలుగులో మొరపెట్టుకొనుటకు ఒక ఫోను ఏర్పడుటకు ముందు నరసాపురమున ఎన్ని అద్దములు పగులవలసి వచ్చినదో యోచింపుడు!

తలిదండ్రులారా, రేపు మీ బిడ్డలు ఇట్టి ఫ్యాక్టరీలలోనే చేరుదురు. కొందరు పనివారగుదురు, కొందరు వారిపై అధికారులగుదురు. పైతరగతులలో జీతపు చీటీ చదువుట, పనిగంటలు లెక్కించుట, తక్కువ వచ్చినచో తెలుగులోను, కన్నడములోను, ఇంగ్లీషులోను మర్యాదగా అర్జీ వ్రాయుట నేర్పవలెనని ఉపాధ్యాయులను కోరుచున్నాను. అడుగుట వచ్చినవాడు రాయి తీయడు. అధికారియైన మన బిడ్డ ఆ అర్జీని చదువక ప్రక్కన పెట్టకుండుటయు ఇక్కడనే అలవడవలెను.

పాఠశాలయు నమ్మకము మీదనే నడచునది. ఫీజు లెక్కయైనను, మార్కుల లెక్కయైనను, సందేహము కలిగినచో మన భాషలో నిస్సంకోచముగా వచ్చి యడుగుడు. అడిగినవారికి పుస్తకము తెరచి చూపుట సంఘము తన ధర్మముగా నెంచుగాక యని కోరుచు విరమించుచున్నాను.