గ్రామపు లెక్కలకు ఏ సర్వరు మేలు?



పంచాయతీ జమాఖర్చులకు 2020లో ఆరంభమైన ఈ-గ్రామస్వరాజ్ ఉన్నది. అదిగాక, సంగారెడ్డి, పటాన్‌చెరు ఫ్యాక్టరీల చెంతనున్న మన గ్రామములు నోటీసులకు, కుళాయి బిల్లులకు స్వంత వెబ్‌సైటు నెలకొల్పదలచినచో, సర్వరును అద్దెకు తీసుకొనవలసియుండును.

వర్చ్యువల్ సర్వరు పెద్ద భవనములో ఒక వాటా వంటిది. యంత్రము ఉమ్మడి; తాళము ఎవరిది వారిదే. పని పెరిగినచో వాటాను పెంచుకొనవచ్చును. పొరుగువారి రద్దీవలన ఒక్కొక్కప్పుడు వేగము తగ్గవచ్చును. డెడికేటెడ్ సర్వరు విడి ఇల్లు; యంత్రమంతయు మనదే. కాని చౌకగా దొరకునవి తరచు పాత యంత్రములు. ఉన్న ఒక్క డిస్కు చెడినచో లెక్కలన్నియు పోవును.

ఒక గ్రామమునకు వర్చ్యువల్ సర్వరే చాలునని మా అభిప్రాయము. ఏది తీసుకొన్నను, ప్రతిదినము నకలును వేరొకచోట భద్రపరచి, నెలకొకసారి తెరచి చూడవలయును. బిల్లు చెల్లించిన ఇల్లాలితో ‘లెక్క పోయినది’ అని చెప్పు దుస్థితి పంచాయతీకి రారాదు.