విమానం ఎక్కే ముందు గుండె సంగతి



పోయిన ముంగారు రోజుల్లో మా వదిన ఒక దరఖాస్తు కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆమెకు 64 ఏళ్ళు. నాలుగేళ్ళ క్రితం గుండెకు స్టెంటు వేశారు. కూతురు అమెరికాలో డల్లాస్‌లో కాపురముంటున్నది. కాన్పుకు రమ్మని టిక్కెట్టు పంపింది. కారప్పొడి, బుడ్డల పొడి, బాలింతకు శొంఠి, మిరియాలు అన్నీ సర్దుకున్న మనిషి, ప్రయాణ బీమా దరఖాస్తులో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది: "ఇదివరకే ఏవైనా జబ్బులున్నాయా?"

"ఏజెంటు లేదని రాయమంటున్నాడు. ఉందని రాస్తే రేటు పెరుగుతాదంట, అసలు ఇయ్యనే ఇయ్యరేమోనంట. ఏం రాయాల నేను?" అని అడిగింది.

అనంతపురం, ధర్మవరం, హిందూపురం, ఏ వీధిలో చూసినా పిల్లలు పరదేశంలో ఉన్న ఇల్లు కనబడుతూనే ఉంటుంది. అందుకని ఆమెకు చెప్పిన సంగతులే మీకూ మనవి చేస్తాను.

బీమా అంటే ఏమిటో మన సీమ ఆడవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. వేరుశనగ ఎండిన ఏడు పంట బీమా ఎంత వచ్చింది, ఎందుకు రాలేదు అని లెక్క తీసేది మనమే కదా! ఆ కళ్ళతోనే దీన్నీ చూడండి. పంట నిలిచి ఉన్నప్పుడు బీమా చేస్తారు గాని, ఎండిన చేనుకు చేయమంటే ఎవరు చేస్తారు? ఇదివరకే ఉన్న గుండెజబ్బు కంపెనీవాళ్ళ కంటికి బెట్ట తగిలిన చేను లాంటిది. అందుకే చాలా పాలసీలు ఆ జబ్బుకు పైసా ఇవ్వమంటాయి. కొన్ని మాత్రం, ప్రాణం మీదికి వస్తే, ఆ గండం గడిచేదాకా, ఒక పరిమితి వరకు ఇస్తామంటాయి. మనం వెతుక్కోవలసింది ఈ రెండో రకాన్ని.

మరి దాచిపెడితే? కంది వేశామని ఈ-క్రాప్‌లో రాయించి వేరుశనగకు పరిహారం అడిగినట్లుంటుంది. మూత్రపిండాల జబ్బు చెప్పకుండా మెడిక్లెయిమ్ తీసుకున్న ఒకరి కేసులో, కంపెనీ డబ్బు ఇవ్వకపోవడం సరైనదేనని 2009లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంకొక కేసు వినండి. ఒక పెద్దమనిషి చక్కెర జబ్బు ఉందని ముందే చెప్పి, వైద్య పరీక్ష చేయించుకుని, విదేశీ మెడిక్లెయిమ్ తీసుకుని 2009లో పెళ్ళికని అమెరికా వెళ్ళాడు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే గుండెపోటు వచ్చింది. మూడు స్టెంట్లు పడ్డాయి. కంపెనీ కాదన్నది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. జబ్బు సంగతి తెలిసీ పాలసీ ఇచ్చి, తరువాత అదే జబ్బును సాకుగా చూపరాదన్నది. పన్నెండేళ్ళు పట్టిందనుకోండి, అయినా ఆయనను కాపాడింది ముందు చెప్పిన ఆ ఒక్క మాటే.

2024 నుంచి మన దేశంలో ఆరోగ్య బీమాకు పాత జబ్బుల విషయంలో 36 నెలలకు మించి ఆగమనరాదన్న నిబంధన వచ్చింది. అది చూసి మురిసిపోకండి, విదేశీ ప్రయాణ బీమాకు అది వర్తించదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మనదీ ఒకటి. పుట్టపర్తి పెద్దాసుపత్రిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు. ఇంత భాగ్యమున్న మనకు, విమానం దిగాక అక్కడ ఈ కార్డులేవీ పనికిరావంటే నమ్మబుద్ధి కాదు. అక్కడ ప్రాణాపాయంలో వచ్చినవాళ్ళను డబ్బు లేదని తిప్పి పంపరాదని 1986 నాటి చట్టం ఒకటి ఉన్నది. చూస్తారు, నిజమే. బిల్లు మాత్రం తరువాత అల్లుడి ఇంటికి వస్తుంది.

అక్కడి కంపెనీల విజిటర్ పాలసీలు పిల్లలే కొనవచ్చు. వాటిలో చవకవి ఒక్కొక్క చికిత్సకు ఇంత అని కట్టుబడి మొత్తమే ఇస్తాయి. బిల్లు దానికి ఎన్ని రెట్లున్నా మిగతాది మన నెత్తినే. కాస్త ఖరీదైనవి, మొదట మన వంతు కొంత కట్టుకున్నాక, పాలసీ పరిమితి దాకా భరిస్తాయి. రెండింటిలోనూ "అక్యూట్ ఆన్‌సెట్" అన్న మాట ఉందేమో వెతికించండి. పాత జబ్బు ఏ సూచనా లేకుండా హఠాత్తుగా తిరగబెడితే, సాధారణంగా 24 గంటల్లోగా వైద్యం చేయించుకుంటే, ఇస్తామని దాని అర్థం. రెండు రోజులుగా ఛాతీలో నొప్పిగా ఉన్నా పిల్లలు కంగారుపడతారని ఊరుకున్నామా, ఆ వీలు పోయినట్టే. ఊరుకోవడంలో మనల్ని మించినవాళ్ళు లేరు గదా! చాలా పాలసీల్లో 70 లేక 80 ఏళ్ళు దాటితే ఈ సౌకర్యం తగ్గిపోతుంది, లేదా ఉండదు. మామూలు చెకప్పులకు, రోజూ వేసుకునే మాత్రలకు ఏ పాలసీ అయినా ఇస్తుందని ఆశపడకండి.

ఖర్చు తగ్గాలంటే ఉన్న దారి, రోజులు తగ్గించుకోవడం. మా వదిన ఆరు నెలలనుకున్నది మూడు చేసుకుంది. మొదట మనం కట్టుకునే వంతు పెంచుకుంటే ప్రీమియం తగ్గుతుంది, అయితే ఆ మొత్తం చేతిలో ఉండాలి సుమా. "నాకు స్టెంటు ఉన్నది, దీనికి మీరు ఏమిస్తారు, ఎంతవరకు?" అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి. ఏజెంటు నోటిమాటకు విలువ లేదు. ఐరోపాకు వెళ్ళేవాళ్ళకు షెంజెన్ వీసా కోసం కనీసం 30,000 యూరోల బీమా తప్పనిసరి. వీసా వచ్చింది గదా అని గుండెకూ ధీమా వచ్చిందనుకోకండి.

బయలుదేరే ముందు డాక్టరుకు చూపించుకుని, జబ్బు వివరాలు, మందుల పేర్లు ఇంగ్లీషులో రాయించుకోండి. అమెరికాకు సాధారణంగా 90 రోజులకు సరిపడా మందులు తీసుకుపోవచ్చు, చీటీతో సహా, వాటి డబ్బాల్లోనే. వాటిని చేతిసంచిలో పెట్టుకోండి. పెద్ద పెట్టెలో వేస్తే, ఆ పెట్టె దారి తప్పిన రోజున మాత్ర కూడా తప్పుతుంది. స్టెంటు వేసుకున్నవాళ్ళు మాత్ర తప్పరాదు.

వదిన ఆ గడిలో "ఉంది" అనే రాసింది. ఒక కంపెనీ వద్దన్నది. ఇంకొకటి ఎక్కువ ప్రీమియంతో, ప్రాణాపాయానికి మాత్రమే ఒప్పుకున్నది. రేటు విని మొదట, "ఈ డబ్బుకు మనవరాలికి గాజులొచ్చేవి" అని గొణిగింది. దేవనహళ్ళి విమానాశ్రయం దాకా నేనే వెళ్ళి సాగనంపి వచ్చాను. శ్రావణంలో ఫోను చేసింది. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. బీమా కాగితం, ఫోను నంబరు అల్లుడికి కనబడేటట్లు ఫ్రిజ్జు తలుపుకు అంటించిందట.