చంద్రునిపై చెడుగుడు
(పాఠశాల సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

2023 జులై 14వ తేదీన మన శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న చంద్రునిపై సురక్షితముగా దిగినది. నాటి నుండి పిల్లల ప్రశ్నలకు బదులు చెప్పవలసిన బాధ్యత పెద్దలకు పెరిగినది. "అక్కడ ఆటలాడవచ్చునా?" అనునది అట్టి ప్రశ్నలలో నొకటి. ఇది నవ్వి ఊరకొనదగినది కాదు. దీనికి సరియైన సమాధానము చెప్పగల బాలునకు బరువన్న నేమో, చలనమన్న నేమో బోధపడినట్లే.

చంద్రుని ఆకర్షణ భూమి ఆకర్షణలో సుమారు ఆరవ వంతు మాత్రమే. ఇక్కడ 60 కిలోలు తూగు మనిషి అక్కడ స్ప్రింగు త్రాసుపై నిలిచినచో 10 కిలోలే చూపును. ఇక్కడ 5 మీటర్ల ఎత్తు లేచి 2 సెకండ్లలో తిరిగి చేతికి వచ్చు బంతిని అక్కడ అంతే వేగముతో విసరినచో, సుమారు 30 మీటర్లు లేచి 12 సెకండ్లకు గాని క్రిందికి రాదు.

అట్లని 2 మీటర్లు దూకువాడు 12 మీటర్లు దూకునని లెక్క వేయరాదు. నిలుచున్నప్పుడే మనిషి గరిమనాభి నేల నుండి సుమారు 1 మీటరు ఎత్తున ఉండును. అతడు నిజముగా పైకి లేపునది తక్కిన 1 మీటరే. అది ఆరు రెట్లయినచో, మొత్తము 7 మీటర్లగును. అదియు బరువైన దుస్తులు లేనప్పటి మాట.

ఇప్పుడు మన చెడుగుడును చూతము. చంద్రునిపై గాలి లేదు. కనుక శబ్దము సాగదు. ఆటగాని కూత శిరస్త్రాణములోనే నిలిచిపోవును. రేడియో అమర్చినగాని ఎదుటి జట్టుకు గాని తీర్పరికి గాని వినబడదు. కాలికి నేలపై పట్టు ఇచ్చునది శరీరపు బరువే. ఆ బరువు ఆరవ వంతైనప్పుడు పట్టును ఆరవ వంతే యగును. దమ్ము చేసిన మడిలో పరుగెత్తినవానికి ఈ సంగతి తెలియును. ఎదుటివానిని తాకి వెనుదిరుగబోయిన ఆటగాడు ఆగలేక గీత దాటి పోవును.

బరువు తగ్గినను ద్రవ్యరాశి తగ్గదు. కాలువలో ధాన్యపు పడవను తలచుకొనుడు. దాని బరువును నీరు మోయుచున్నను, కదలించుట కష్టము, కదలినదానిని ఆపుటయు కష్టమే. చంద్రునిపై పరుగెత్తివచ్చు ఆటగాడును అట్టివాడే. ఎత్తుట తేలిక, ఢీకొన్నచో దెబ్బ మాత్రము ఇక్కడివలెనే తగులును.

క్రికెట్ బంతి గాలిలో వంకర తిరుగదు, గాలియే లేదు గనుక. మెత్తని దుమ్ములో పడి సరిగా ఎగురదు. గాలిపటము ఎగురనే ఎగురదు.

ఇవి ఊహలు మాత్రమే కావు. 1971 ఫిబ్రవరిలో అపోలో-14 వ్యోమగామి ఆలన్ షెపర్డ్ చంద్రునిపై రెండు గోల్ఫ్ బంతులను కొట్టెను. దుస్తులు బిగుతుగా నున్నందున ఒక చేతితోనే కొట్టవలసి వచ్చెను. బంతి మైళ్ల కొలది పోయినదని ఆయన వేడుకగా పలికెను. కాని 2021లో నాటి ఛాయాచిత్రములను పరిశీలింపగా, ఒకటి 24 గజములు, రెండవది 40 గజములు పోయినట్లు తేలినది. ఆకర్షణ తగ్గి కలిగించిన లాభమును దుస్తులు హరించినవన్నమాట.

1972 ఏప్రిల్‌లో అపోలో-16 వ్యోమగామి చార్లెస్ డ్యూక్ ఎత్తు దూకు ప్రయత్నములో వెల్లకిల పడెను. వీపున నున్న పెట్టెలోనే ఆయన ఊపిరికి కావలసిన ప్రాణవాయువు ఉండెను. అది పగిలినచో ప్రాణమే పోయెడిది. అదృష్టవశమున ఏమియు కాలేదు. తేలికగా ఎగురవచ్చునన్న ధీమాయే అక్కడ పెద్ద ప్రమాదము.

కావున చంద్రునిపై ఆటలు సాగవలెనన్న, గాలి నింపిన విశాలమైన మండపము, కాలికి పట్టునిచ్చు నేల, మెత్తని గోడలు, క్రొత్త నియమములు కావలెను.

పంచాయతీ సభ్యులారా! ఆగస్టు 23ను మన దేశమున జాతీయ అంతరిక్ష దినోత్సవముగా జరుపుచున్నారు. ఆ దినమున మీ ఊరి పాఠశాలలో ఈ విషయములను చెప్పించుడు. దానికి ఖరీదైన సాధనములు అక్కరలేదు; ఒక బంతి, తడి నేల, కాలువలో పడవ చాలును. పిల్లలు ఆడుకొను స్థలము ఆక్రమణ పాలు కాకుండ కాపాడుడు. గాలి, నేల, బరువు అను మూడింటి విలువ బాలలకు మొదట తెలియునది ఆ ఆటస్థలములోనే.