ఇరవై తొమ్మిది గంటల లెక్క



మేము ఇన్సూరెన్స్ అమ్మేవాళ్ళం కాదు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి సైట్ల మీద పని చూసుకునేవాళ్ళం. కాకపోతే షిఫ్టుల చార్టు రాసేది మాలాంటి సూపర్‌వైజర్లే గనక, వారానికి 29 గంటలన్న అంకె ఎక్కడ పుట్టిందో మాకు తెలుసు. అది చెబుదామనే నిలబడ్డాం.

2010 మార్చి 23న ఒబామా సంతకం పెట్టిన చట్టం, మనం ఒబామాకేర్ అంటామే, దాని ప్రకారం 50 మందీ, ఆపైన ఫుల్‌టైమ్ పనివాళ్ళున్న యజమాని వాళ్ళకు హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వజూపాలి. లేకుంటే పెనాల్టీకి సిద్ధపడాలి. వందమంది పైబడ్డ కంపెనీలకు 2015లో, మిగతావాటికి 2016లో అమలైంది. ఓవర్‌టైమ్‌కి గీత 40 గంటలు. ఇన్సూరెన్స్‌కి మాత్రం 30, నెలకు చూస్తే 130. అందుకే కొందరు యజమానులు మనల్ని ఆ గీతకు ఒక్క గంట ఇవతల నిలబెడతారు.

పార్ట్‌టైమ్ వాళ్ళు లెక్కలోకే రారనుకోవద్దు. వాళ్ళ నెల గంటలన్నీ కూడి 120తో భాగిస్తారు. నెలకు 90 గంటల చొప్పున 40 మంది చేస్తే, 30 మంది ఫుల్‌టైమ్ కింద జమ. కాబట్టి అందరి గంటలూ కోసినంత మాత్రాన పెద్ద కంపెనీ చిన్నదైపోదు. పెనాల్టీ మాత్రం తగ్గుతుంది, అది ఫుల్‌టైమ్ తలల మీదే వేస్తారు గనక. కిటుకంతా అక్కడే ఉంది.

మనవాళ్ళకు ఎక్కువగా తగిలేది రెండు షాపుల సంగతి. వారంలో ఒక గ్యాస్ స్టేషన్‌లో 25 గంటలు, ఇంకోదాంట్లో 20. యజమానులు వేరైతే, 45 గంటలు ఒళ్ళు హూనం చేసుకున్నా రెండుచోట్లా పార్ట్‌టైమే. రెండూ ఒకే ఆసామివైతే కథ వేరు. ఎల్‌ఎల్‌సీలు వేరుగా ఉండనీ, బోర్డులు వేరుగా ఉండనీ, చెక్కులు వేరుగా రానీ, ఐఆర్‌ఎస్ వాటిని ఒకే గుంపుగా చూస్తుంది. మనుషుల్నీ కలుపుతుంది, మీ గంటల్నీ కలుపుతుంది. గుంపు మొత్తం మీద 50 దాటాలి, అది మాత్రం గుర్తుంచుకోండి. అన్నదమ్ముల పేర్ల మీద విడిగా ఉంటే ఎవరి వాటా ఎంతో చూడాలి. ‘మనూరాయనే కదా, ఎలా అడుగుతాం’ అనుకుని చాలామంది ఊరుకుంటారు. అడగడానికి ఊరితో పనేముంది?

సైట్ పనిలో ఇంకో మెలిక ఉంది. చలికాలం గంటలు పడిపోతాయి. ఇలా నిలకడలేని పనికి కంపెనీ గతంలోని గంటల సగటు తీసుకోవచ్చు, ఎక్కువలో ఎక్కువ 12 నెలలు. కానీ ఆ సగటు ప్రకారం ఫుల్‌టైమ్ అని తేలినవాళ్ళను తర్వాత కనీసం ఆరు నెలలు అలాగే చూడాలి. నిరుడు సగటున 34 గంటలు చేసినవాడికి జనవరిలో 26 అయ్యాయని ఇన్సూరెన్స్ ఆపితే, పెనాల్టీ భయం కంపెనీకే.

ఇన్సూరెన్స్ ఎగ్గొట్టడానికే గంటలు కోశారనిపిస్తే? 1974 నాటి ఎరిసా చట్టం ఉంది. డేవ్ అండ్ బస్టర్స్ అనే రెస్టారెంట్ల కంపెనీ మీద న్యూయార్క్‌లో పనివాళ్ళు ఆ చట్టం కిందే దావా వేశారు. కంపెనీ 74 లక్షల డాలర్ల పైచిలుకుతో రాజీకొచ్చింది. కారణం ఇదీ అని మీటింగుల్లో పైకి చెప్పారన్నది పనివాళ్ళ వాదన. అందరు యజమానులూ అలా నోరు జారరు. కాబట్టి మెసేజీలు చెరిపెయ్యకండి.

గీతను 40కి పెంచుదామని 2015లో ప్రతినిధుల సభ బిల్లు పాస్ చేసింది, చట్టం కాలేదు. కాకపోవడమే మంచిదయింది. నలభై చేసేవాణ్ణి 39కి దించడం ఎంతసేపు?

ఇంకో మాట. 2025 జులై 4న వచ్చిన చట్టంతో, 2027 నుంచి హెచ్-1బి, హెచ్-4 లాంటి వీసాల వాళ్ళకు మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ ఉండదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఉంటుంది. అంటే ఇన్నాళ్ళూ గంటలు తగ్గినా సబ్సిడీతో నెట్టుకొచ్చిన ఇళ్ళల్లో కొన్నిటికి ఆ దారి మూసుకుపోతోంది. పనిచోట ముప్పై గంటలు నిలబెట్టుకోవడం ఇకమీదట ఇంకా అవసరం.

పేస్టబ్‌లు వెంట తెచ్చుకున్నవాళ్ళు ఇటు రండి. పోయిన 12 నెలల గంటలు కూర్చుని కూడదాం.