నొప్పి లేనంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు

(ఆర్మూరులో బీడీ, పసుపు పనులు చేసే స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



షుగర్ జబ్బు అనగానే కాళ్ల మంటలు, పాదాల తిమ్మిర్లు, మానని పుండ్లు, కండ్ల మసక మనకు గుర్తుకొస్తాయి. చాలా ఏళ్లు షుగర్ అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతిన్నట్టే గుండెను నడిపే నరాలూ దెబ్బతింటాయని మనకు చెప్పేవాళ్లు తక్కువ. నేను డాక్టరును కాను, ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తను. ఇవాళ ఈ ఒక్క విషయమే మాట్లాడతాను.

మన ప్రమేయం లేకుండానే గుండె వేగాన్ని చూసుకునే నరాలు రెండు రకాలు. ఒక రకం గుండెను ఉరికిస్తుంది, ఇంకొకటి నిమ్మళపరుస్తుంది. షుగర్ సాధారణంగా ముందు దెబ్బతీసేది నిమ్మళపరిచే నరాన్నే. అందుకే ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడుతుంది, నాడి నిమిషానికి 100 కూడా దాటవచ్చు. ఆ తర్వాత రక్తనాళాలను బిగించే నరాలు పాడవుతాయి. మనం లేచి నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది. నరాలు బాగుంటే నాళాలు బిగుసుకుని మెదడుకు రక్తం అందేలా చూస్తాయి. బాగులేకపోతే బిపి పడిపోయి కండ్లు తిరుగుతాయి.

ఇప్పుడు మన బతుకులు చూడండి. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టి లేచేసరికి కండ్లు తిరిగితే, శానాసేపు కూర్చున్నందుకే అనుకుంటాం. పసుపు ఉడకబెట్టే దగ్గర ఆయాసమొస్తే ఆవిరికి, ఎండకు అనుకుంటాం. దవాఖానకు పోతే బలహీనత అని, ముట్లుడిగే వయసు అని, మనాది పెట్టుకున్నావని నాలుగు బలం గోలీలిచ్చి పంపిస్తారు. చేసే పని ఒకవైపు, ఆడదానివన్న చులకన ఒకవైపు మన జబ్బును కప్పిపెడుతున్నాయి.

అన్నింటికన్నా ప్రమాదం ఏమిటంటే, ఈ నరాలు దెబ్బతిన్న మనిషికి గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చల్లని చెమటలు, వాంతి వచ్చినట్టుండటం, ఎన్నడూ లేనంత నీరసం, అంతే. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుని సోడా తాగిస్తారు, విలువైన గంటలు పోతాయి. షుగర్ ఉన్న మనిషికి ఇవి అకస్మాత్తుగా వస్తే నొప్పి కోసం చూడకుండా 108కి ఫోన్ చేయాలి, ఇసిజి తీయించాలి.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు కావాలా? అక్కరలేదు. ఎడింబరోలో ఈవింగ్, క్లార్క్ అనే డాక్టర్లు మంచం పక్కనే చేయగల పరీక్షలను 1970లు, 80లలోనే రూపొందించారు. వాటిలో ఒకటి బిపి మిషనుతోనే అయిపోతుంది. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బిపి చూడాలి. నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకు మించి గానీ పడిపోతే డాక్టరు పట్టించుకోవలసిందే. రక్తహీనత వల్ల, ఒంట్లో నీరు తగ్గడం వల్ల, కొన్ని బిపి మందుల వల్ల కూడా ఇట్లా జరగవచ్చు. ఏది కారణమో తేల్చవలసింది డాక్టరు. మనంతట మనం గోలీలు మానకూడదు.

30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ కార్యక్రమం కింద షుగర్, బిపి చూస్తారు. అయితే ఆ బిపి కూర్చోబెట్టి చూసేది. షుగర్ ఉన్నవాళ్లకు నిలబెట్టి కూడా చూడమని మనం అడగాలి. దీనికి కొత్త బడ్జెట్ అవసరం లేదు, కొంచెం సమయం, కొంచెం మర్యాద చాలు.

గర్భసంచి ఆపరేషను గానీ మరొకటి గానీ చేయించుకునేటప్పుడు షుగర్ ఎన్నేళ్లుగా ఉందో, లేస్తే కండ్లు తిరుగుతాయో లేదో మత్తుమందు డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఈ నరాలు దెబ్బతిన్నవారికి మత్తులో బిపి ఒక్కసారిగా పడిపోవచ్చు.

పసుపు పండే గడ్డ గనుక పసుపు తింటే షుగర్ పోతుందని చెప్పేవాళ్లు ఉంటారు. కూరలో వేసుకోండి, మందు మాత్రం మానకండి. చిన్నతనంలో షుగర్ వచ్చి ఇన్సులిన్ మీద బతికేవారిపై అమెరికా, కెనడాలలో జరిగి 1993లో వెలువడిన పెద్ద పరిశోధన, షుగర్‌ను గట్టిగా అదుపులో ఉంచితే నరాలకు దెబ్బ తగ్గుతుందని చూపింది. పెద్ద వయసులో వచ్చే షుగర్‌లో బిపి, కొలెస్ట్రాల్ కూడా అదుపులో ఉండాలి. ఒకసారి పాడైన నరాలు పూర్తిగా బాగుకావడం కష్టం. కాబట్టి తొందరగా తెలుసుకోవడమే మేలు.

ఇది దయతో ఇచ్చేది కాదు. కార్మికుల ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అత్యవసర వైద్యం అందించడం ప్రభుత్వ ఆసుపత్రుల బాధ్యత అని 1996లో పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం కేసులో చెప్పింది. 2025లో నిజామాబాదులో జాతీయ పసుపు బోర్డు కార్యాలయం ప్రారంభమైంది. పంట గురించి పట్టించుకునేవాళ్లు ఉన్నప్పుడు, ఆ పంటను తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసే మనిషి గుండెను కూడా పట్టించుకోవాలి కదా.

సంఘాల్లో పనిచేసే అక్కలకు ఒక మాట. మీ ఊళ్లో షుగర్ ఉన్న స్త్రీల పేర్లు రాసుకోండి. లేస్తే కండ్లు తిరుగుతున్నాయా, కూర్చున్నా దడ ఉందా, మెట్లెక్కితే కొత్తగా ఆయాసమా అని అడగండి. ఔనన్నవాళ్లను పదిమందిగా కలిసి ఆరోగ్య కేంద్రానికి తీసుకుపొండి. ఒక్కతే పోతే బలం గోలీలిచ్చి పంపుతారు. పదిమంది పోయి నిలబెట్టి బిపి చూడమంటే చూడక తప్పదు.